పట్టుపోగుతో కొలిచిన చెప్పులు

నేను ఇంతకు ముందు రాయకపోవడానికి చదువు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మా ఇంట్లో సిరాకు చోటు ఉండేది కాదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. పుట్టింట్లోనూ మగ్గమే, మెట్టినింట్లోనూ మగ్గమే. నేసే చీర మీద ఒక్క సిరా చుక్క పడితే ఆ చీర మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని మా నాయన తన పెన్నును ఒక రేకుడబ్బాలో పెట్టి, ఆ డబ్బాను దూలం మీదికి ఎక్కించేవాడు. పిల్లలం అటువైపు తల ఎత్తి చూసినా మా అవ్వ అరిచేది. బడికి పోవలసిన వయసులో నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు చుట్టాను. కాళ్ళు అందే వయసు రాగానే మగ్గం గుంతలోకి దిగాను. ఆ గుంతలోనుంచి బయటికి వచ్చేసరికి నేనే అవ్వనయ్యాను.

బయటికి రావడం కూడా నా ఇష్టంతో జరగలేదు. కంటికి ఆపరేషన్ అయింది. కొత్త కళ్ళద్దాలతో లోకమంతా బాగానే కనిపించేది కానీ జరీ సన్నపని మాత్రం కుదరలేదు. మగ్గం మా ఆయనకు వదిలేశాను. సాయంత్రాలు ఏం చేయాలో తోచేది కాదు. అప్పుడే మా వీధిలో ఉండే టీచరమ్మ, ఉద్యోగం నుంచి రిటైరైన ఆవిడ, తన వరండాలో మాలాంటి ఆడవాళ్ళను నలుగురిని కూర్చోబెట్టుకుని అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. నేను పలకా బలపం ఇంటికి తెస్తే మా ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, “బలపమే గదా, తుడిస్తే పోతాది. నేర్చుకో పో” అన్నాడు. పెన్ను పట్టేంత వచ్చాక కూడా నేను వాకిట్లో అరుగు మీదే కూర్చుని రాస్తాను. మగ్గం గదిలోకి పెన్ను తీసుకుపోవడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు.

మొదటగా ఈ వేసవి గురించే రాయాలనుకున్నాను. ఇది నాకు దక్కుతుందో లేదో అని నేను పడిన భయం నాకే తెలుసు.

నా కూతురు హిందూపురంలో ఉంటుంది. అల్లుడూ తనూ ఇద్దరూ బట్టలు కుట్టే కంపెనీలో పనికి పోతారు. వాళ్ళకు ఒక ఆడపిల్ల, దాని తర్వాత ఒక మగపిల్లాడు. పెద్దదానికి పదేళ్ళు దగ్గరపడుతున్నాయి, చిన్నవాడు ఒకటో తరగతి. బడికి సెలవులు ఇవ్వగానే ఇద్దరూ మా దగ్గరికి వచ్చేవారు. పోయిన వేసవిలో చుట్టాలింట్లో శుభకార్యానికి పోయి మిట్టమధ్యాహ్నం నాతో నడిచి వస్తుంటే పెద్దదానికి వడదెబ్బ తగిలింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. కూతురు హిందూపురం నుంచి పరుగెత్తుకుని వచ్చింది. పిల్ల కళ్ళు తెరిచి ఐస్‌క్రీం అడిగిన తర్వాతే నాతో మాట్లాడింది.

“నడుమ యాడన్నా నీడలో కూర్చోకూడదామ్మా? నువ్వు మొదలుపెట్టినావంటే ఆపవు. చిన్నప్పట్నుంచీ చూస్తాండా గదా.”

అది నిజమే. చీరలో ఒక పువ్వు మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా మగ్గం ముందరినుంచి లేవకూడదని మాకు నేర్పారు. నడుమ లేచి మళ్ళీ కూర్చుంటే పోగును కొట్టే చేతి దెబ్బ మారుతుంది, ఆ చోట సన్నని గీత పడుతుంది. కొనేవాళ్ళకు కనిపించకపోయినా నేసినవాళ్ళకు కనిపిస్తుంది. ఆ అలవాటు మగ్గం దగ్గరే ఆగిపోలేదు. ఇల్లు ఊడ్చినా, ఊరికి పోయినా, సగంలో ఆపడం నాకు చేతకాదు.

ఈ ఏడు సెలవులు దగ్గరపడుతుంటే కూతురికి ఫోన్ చేశాను.

“ఈసారి పంపించనులేమ్మా” అంది. “ఇంట్లో ఫ్యానుండాది, టీవీ ఉండాది. పక్కింటామె చూసుకుంటానంది.”

వెనకనుంచి పెద్దది ఫోన్ లాక్కుంది. “అవ్వా, గేటుకు తాళం వేసి పోతారంట! తమ్ముడు ఇప్పట్నుంచే ఏడుస్తాండాడు.”

“నేనేం ఏడవలేదు, అదే ఏడ్చింది” అని చిన్నవాడి గొంతు.

నేను బతిమాలలేదు. బతిమాలితే కూతురు ఇంకా బిగుసుకుంటుంది, అదీ నా పోలికే. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. “ఆదివారం పెనుకొండకు రా. మన రెండూర్లకూ నడుమనే ఉండాది. నా కండ్ల ముందర ఒక్క పొద్దు పిల్లోళ్ళను బయట తిప్పు. చూస్తా. ఆ మీద వాళ్ళు నీ బస్సెక్కేదా, నా బస్సెక్కేదా చెప్తా.”

పెనుకొండ కొండెక్కాలని పెద్దదానికి ఎప్పటినుంచో కోరిక. హిందూపురం నుంచి మా ఊరికి వచ్చినప్పుడల్లా బస్సు కిటికీలోనుంచి ఆ కోటగోడలు చూసి చెయ్యి ఊపేది.

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. ఎండలో పిల్లలకు ఏం కావాలో నాకు ఏం తెలుసు? నా చిన్నప్పటి ఎండాకాలాలన్నీ ఇంట్లోనే గడిచాయి. గాలి పొడిబారితే పట్టుపోగు తెగుతుందని కిటికీలకు తడి గోనెసంచులు కట్టేవాళ్ళం, మగ్గం గదిలో నేల తడిపేవాళ్ళం. ఎండాకాలంలో పోగుకు ఏం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పిల్లకు ఏం కావాలో చెప్పలేను.

టీచరమ్మను అడిగాను. “ముందు తలకూ కాళ్ళకూ కొనమ్మా. తాగడానికి ఎవరి నీళ్ళు వాళ్ళ భుజానికి ఉండాలి. ఆటవస్తువులు ఆ తర్వాత” అంది.

ఉగాదికి హిందూపురం పోయినప్పుడే పిల్లల పాదాలు కొలిచి పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఇద్దరూ నిద్రపోతుంటే, తెలియకుండా చెప్పులు తెచ్చి ఇవ్వాలని, పెద్దదాని పాదానికి ఎర్రపట్టుపోగు, చిన్నవాడి పాదానికి ఆకుపచ్చపోగు మడమ నుంచి బొటనవేలిదాకా ఆనించి తెంపాను. మా ఇళ్ళలో ఏది కొలవాలన్నా చేతికి అందేది పోగే. ఆ రెండూ కొంగున ముడివేసుకుని బజారుకు పోయాను.

టోపీల దగ్గర నా చెయ్యి మొదట మెరిసే బట్ట మీదికే పోయింది. నల్లగా, తళతళలాడుతూ, వేళ్ళకు చల్లగా తగిలింది. పెద్దదానికి ఇది భలే ఉంటుంది అనుకున్నాను. ఎందుకో దాన్ని నోటికి ఆనించి ఊదాను. గాలి అటువైపు పోలేదు. పక్కన పెట్టేశాను. చుట్టూ వెడల్పు అంచున్న తెల్ల నూలు టోపీలు రెండు తీసుకున్నాను, మెడ మీద కూడా నీడ పడేటట్టు.

అంగడాయన నవ్వాడు. “అక్కా, అవి ముసలోళ్ళ టోపీలు మాదిరి ఉండాయి. పిల్లోళ్ళు పెట్టుకోరు.”

“పెట్టుకుంటారులేప్పా. నేను అంచేస్తా.”

“టోపీకి అంచా!”

“అంచు లేనిది మా ఇంట్లోకి రాదు.”

నీళ్ళ సీసాలు బొమ్మలున్నవి చాలా చూపించాడు. మూత తీసి వేళ్ళు లోపలికి పోతాయో లేదో చూశాను. చెయ్యి పోనిదాన్ని ఎట్లా కడుగుతాం? చివరికి వెడల్పు మూతి ఉన్న స్టీలువి, భుజానికి తగిలించుకునే పట్టీతో, రెండు దొరికాయి. పెద్దదానికి దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపించే బైనాక్యులర్, పిల్లల ఆటకు చేసిందే. చిన్నవాడికి నీళ్ళ తుపాకి. నీళ్ళకు కరువైన సీమలో నీళ్ళ తుపాకి ఏమిటని ఒకసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తడిస్తే ఒళ్ళు చల్లబడుతుంది కదా అని మళ్ళీ తీసుకున్నాను.

ఆఖరికి చెప్పుల అంగడి. వెనక పట్టీ ఉండి, అడుగున గీతలు గీతలుగా ఉండి జారకుండా ఉండేవి అడిగాను.

“పాపను తోడుకొని రాకూడదా అక్కా? సైజెంత?”

“పాప హిందూపురంలో ఉండాది. సైజు ఇదో” అని కొంగుముడి విప్పి ఎర్రపోగు రెండు చేతులతో పట్టి చూపించాను. ఆయన ఆ పోగు కింద చెప్పు పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఆకుపచ్చపోగుకూ సరిపోయింది. ఇంత తేలికగా పని అయినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చి టోపీల చుట్టూ ఎర్రపట్టు అంచు కుట్టాను. మా ఆయన తెగిపోయిన మగ్గం తాడును సరిచేసి, రెండు పాత కర్ర బాబిన్లకు బిగించి పిల్లలు ఎగిరి ఆడుకునే దూకుడుతాడు తయారుచేశాడు. “నేను కూడా ఇచ్చినానని చెప్పు. అన్నీ నీవే అనుకుంటారు” అన్నాడు. సీసాల మీద చెరగని రంగుపెన్నుతో నేనే రాశాను, ఒకదాని మీద “అక్కది”, ఇంకొకదాని మీద “తమ్మునిది” అని. ఇంటి వస్తువు మీద నా చేతిరాత పడడం అదే మొదటిసారి. వాకిట్లో కూర్చునే రాశాను.

ఆదివారం తెల్లవారకముందే బస్సెక్కాను. పెనుకొండలో దిగేసరికి వాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. కూతురి భుజాన పెద్ద సంచీ ఉంది. తినేవి తెచ్చుకుందేమో అనుకున్నాను. నా సంచీలోనే దోసకాయ ముక్కలూ, ఉప్పేసిన మజ్జిగా ఉన్నాయి.

పిల్లలు నా సంచీ మీద పడ్డారు. కూతురు టోపీ తిప్పి చూసింది. “ఏందమ్మా ఇది, టోపీకి పట్టంచు! పెండ్లికి పోతాండామా?”

“తాత నేసే చీరమాదిరే ఉండాది” అని పెద్దది వెంటనే పెట్టుకుంది. సీసా చేతిలోకి తీసుకుని దాని మీది రాత వేలితో తడిమింది. “అవ్వా, ఇది నువ్వే రాసినావా?”

“ఇంకెవరు రాస్తారే?”

“అమ్మా, అవ్వ రాసింది చూడు!”

కూతురు చూసింది. ఆ సీసాను పిల్ల భుజానికి తనే తగిలించింది.

చెప్పులు వేసుకుని పెద్దది ఎగిరింది. “సరిపోయినాయి” అంటూ పట్టీని ఆఖరి రంధ్రానికి బిగించుకుంది. ఆ బిగించడం చూసి నాకు అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు.

కొండదారి పట్టాం. పొద్దు ఇంకా చల్లగానే ఉంది. చిన్నవాడు తుపాకితో రాళ్ళనన్నిటినీ కాల్చుకుంటూ ముందు పోతున్నాడు. కాసేపు నడవడం, రెండు గుక్కలు తాగడం. కూతురు వెనక నడుస్తూ అన్నీ చూస్తోంది. నాకు పరీక్ష రాస్తున్నట్టు ఉంది. ఇంతలో పెద్దదాని అడుగుల చప్పుడు చెవిన పడింది. టప్పు, టప్పు అని మడమ దగ్గర చెప్పు వదులై కొట్టుకుంటోంది. నేను వెనక్కి తిరిగేలోపలే దాని ముందరి అంచు రాయికి తగిలి పిల్ల ముందుకు పడింది.

మోకాలు గీసుకుపోయింది. చెప్పు విప్పి చూస్తే మడమ మీద బొబ్బ లేస్తోంది. చెప్పు పాదంకంటే బొటనవేలంత పొడుగు. చిన్నవాడివి కూడా పెద్దవే, వాడు అప్పటికే విప్పి చంకలో పెట్టుకున్నాడు.

కూతురు నావైపు చూసింది. ఆస్పత్రిలో చూసిన చూపే.

“ఏం కాలేదవ్వా” అని పెద్దది లేచి నిలబడింది. “నొప్పి లేదు. పోదాం పా. పైన కోట ఉండాది.”

పైకి చూశాను. ఎండ కొండ భుజం మీదికి దిగి రాళ్ళ మీద పడుతోంది. నా కాళ్ళు ముందుకే పోతామంటున్నాయి. మొదలుపెట్టాం, ఇంత దూరం వచ్చాం, ఇంకొంచెమే కదా. బుద్ధి తెలిసినప్పటినుంచీ నాలో వినిపించే మాట అది. పిల్ల మొహం చూశాను. టోపీ అంచు కింద బుగ్గలు అప్పుడే ఎర్రబడుతున్నాయి.

“ఆ గోడ నీడ కనబడతాండాదే, ఆడికి పోయి కూర్చుందాం” అన్నాను. “ఈ పొద్దుకు మన కొండ అదే.”

“సగం కూడా రాలేదు గదవ్వా!” అని పిల్ల ఏడ్చింది.

“సగంలోనే దిగుదాం. కొండ యాడికీ పోదు.”

“నిజంగా నువ్వేనా మాట్లాడేది?” అంది కూతురు. వెటకారంగా అనలేదు.

పిల్లను నేనొకవైపు, కూతురొకవైపు పట్టుకుని పాతకోట గోడ నీడలోకి తీసుకుపోయాం. మోకాలు నీళ్ళతో కడిగాను. చిన్నవాడికి పని దొరికింది, అక్క టోపీని తుపాకితో తడిపాడు. తడిసిన టోపీ పెట్టుకుని పెద్దది కాసేపు అలిగి కూర్చుంది. తర్వాత బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని పైకి చూసింది.

“అవ్వా, పైన గోడలో రంధ్రంలోనుంచి చెట్టు మొలిచింది. కోతి ఉండాది. పిల్లకోతి కూడా. అమ్మా, నువ్వు చూడు!”

వంతులవారీగా అందరం చూశాం. ఆ ఊరి మీదుగా నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఆ గోడల్లో చెట్టు ఉందని ఆ రోజే చూశాను. చిన్నవాడు నున్నటి బండ మీద దూకుడుతాడు ఆడాడు. కూతురు కూడా కొంగు దోపి దూకింది. పెళ్ళయ్యాక అది దూకగా నేను చూడలేదు.

మజ్జిగ తాగుతూ కూతురు ఆ చెప్పు చేతిలోకి తీసుకుంది. “ఇంత పెద్దవి ఎట్ల తెచ్చినావమ్మా? కొలవలేదా?”

“కొలిచే తెచ్చినా. ఇదో” అని కొంగుముడి విప్పి ఎర్రపోగు ఇచ్చాను.

నేతింట్లో పుట్టిన పిల్ల కదా. పోగును వదులుగా పిల్ల పాదం కింద పరిచింది. సరిగ్గా పాదమంతే ఉంది. తర్వాత రెండు కొసలూ పట్టుకుని లాగింది. పోగు సాగి బొటనవేలు దాటి పోయింది. పోగును చూసింది, నన్ను చూసింది.

“అంగట్లో ఎట్ల పట్టి చూపించినావు?”

చేతులు చాచి చూపించాను. నా చేతులు వాటంతట అవే ఆ పోగును బిగించాయి. పోగును వదులుగా పట్టుకోవడం ఈ చేతులకు ఎవరూ నేర్పలేదు.

“ఓయమ్మా! బిగబట్టి చూపించినావే!” అని కూతురు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. నాకూ ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే పిల్లలూ నవ్వారు.

నీడ మా కాళ్ళ దగ్గరికి జరుగుతుండగానే నేనే లేచాను. “ఇంక పోదాం. ఎండ ముదరకముందే దిగల్ల.” వదులు తెలియకుండా నేను గుడ్డపీలికలు కుక్కి ఇచ్చిన చెప్పులతో పెద్దది నెమ్మదిగా దిగింది.

బస్టాండులో హిందూపురం బస్సు ముందు వచ్చింది. కూతురు లేచి నిలబడింది. పిల్లలిద్దరూ ఆమె మొహంకేసి చూస్తున్నారు, నేను నేలకేసి చూస్తున్నాను. అప్పుడు తన భుజాన ఉన్న పెద్ద సంచీ తీసి నా ఒడిలో పెట్టింది. బరువుగా ఉంది.

“దీంట్లో గుడ్డలు ఉండాయి. ఇద్దరివీ.”

పొద్దున ఇంటినుంచే తెచ్చింది. పిల్లలను నా దగ్గరికి పంపించాలనే ఉండింది దానికి. పంపించడానికి ఒక కారణం వెతుక్కుంటూ పెనుకొండదాకా వచ్చింది. ఆ సంచీని ఒడికి అదుముకున్నాను.

“ఎండెక్కేలోపల ఇంట్లోకి రావల్ల. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తా” అంది. బస్సు మెట్టెక్కి మళ్ళీ తిరిగింది. “ఆ చెప్పులు మార్పించు. ఈసారి పిల్లను తోడుకొని పో.”

“పోతాలేమ్మే.”

బస్సు కదిలినా చిన్నవాడు ఏడవలేదు. కిటికీకి నీళ్ళు కొట్టాడు. కండక్టరు అరిచాడు. నా కూతురు లోపల మొహం తుడుచుకుంటూ నవ్వుతోంది.

ఇంటికి చేరాక మా ఆయనకు పెద్దది కథంతా చెప్పింది. ఆయన మగ్గంలోనుంచే విని, “బతుకంతా పోగులు పట్టుకుని, పోగు సాగుతాదని మరిచిపోతివా?” అన్నాడు. తర్వాత దూకుడుతాడు ఎట్లా ఉందని చిన్నవాణ్ణి అడిగాడు. బాగుందని చెప్పేదాకా మళ్ళీ నేయలేదు.

ఆ రాత్రి ఇద్దరూ నా పక్కనే పడుకున్నారు. నా కూతురికి, ఆ పాతకోట గోడ నీడకు, టీచరమ్మకు, సాగే గుణమున్న ఆ ఎర్రపోగుకు కూడా మనసులో దండం పెట్టుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే లేచి, చల్లగా ఉన్నప్పుడే పిల్లలను వీధి చివరి ఖాళీ స్థలంలో ఆడించి తీసుకొచ్చాను. పెద్దదాన్ని మగ్గం గదిలో గోడకు మడమ ఆనించి నిలబడమన్నాను. బొటనవేలి ముందర నేల మీద బలపంతో గీత గీశాను. పక్కన “అక్క” అని రాశాను. చిన్నవాణ్ణి నిలబెట్టి ఇంకో గీత గీసి “తమ్ముడు” అని రాశాను. మా ఆయన నేయడం ఆపి చూశాడు, తుడవమనలేదు. తర్వాత రెండు జతల చెప్పులూ సంచీలో వేసుకుని, తెల్ల టోపీలు పెట్టుకున్న ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, చెప్పుల అంగడి తెరిచే వేళకు బజారుకు బయలుదేరాను.